కార్లు మోసే ట్రైలర్‌ని మా షెడ్డులోనే కట్టుకున్నాం

పాత కారుని బాగుచెయ్యడం కంటే దాన్ని షెడ్డు దాకా తేవడమే పెద్ద పని. ఈ మాట నాన్న నోట చిన్నప్పట్నుంచీ వింటున్నాను. మా షెడ్డు గజపతినగరంలో ఉంది, విజయనగరం నుంచి సాలూరు వెళ్ళే 26వ నంబరు జాతీయ రహదారి పక్కన. నాన్న అంబాసిడర్లు, పద్మినీలు, మారుతి 800లు చూస్తాడు. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి ఆయన దగ్గరే పనిలో చేరాను. షెడ్డు వెనకాతల మాకు మామిడితోట ఉంది. రిపేరుకి వచ్చినవి, విడిభాగాల కోసం కొన్నవి, ఓనరు ఎప్పుడొచ్చి తీసుకెళ్తాడో తెలియనివి, అన్నీ ఆ చెట్ల కిందే ఉంటాయి. వానాకాలంలో ఒక కారుని తోటలోంచి షెడ్డులోకి తేవాలంటే నలుగురు మనుషులు, రెండు పలకలు, ఒక పూట పోవాల్సిందే.

కదలని కారుకి తాడు కట్టి లాగడం మా వైపు మామూలే. నాకది మొదట్నుంచీ గిట్టదు. తాడు లాగుతుందే గానీ ఆపదు. ముందు బండి బ్రేకు వేస్తే వెనక కారు వచ్చి గుద్దకుండా ఉండాలంటే వెనక కార్లో ఒక మనిషి కూర్చుని, ఏళ్ళ తరబడి వాడని బ్రేకుల్ని నమ్ముకోవాలి. పైగా మా దగ్గరికి వచ్చే కార్లలో సగానికి చక్రాలే తిరగవు. బ్రేకు షూలు తుప్పు పట్టి డ్రమ్ముకి అతుక్కుపోయి ఉంటాయి.

ఒక అంబాసిడర్ సంగతి చెప్తాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లు లెక్కలేనన్ని నేలకూలాయి. వాటిలో ఒకటి సోంపేట వైపు ఒక ఇంటి వాకిట్లో ఉన్న ఈ కారు టాపు మీద పడింది. ఆ ఇంటాయన కారుని అమ్మలేదు, పారెయ్యలేదు. కొన్నేళ్ళు టార్పాలిన్ కప్పి ఉంచి, చివరికి మాకు కబురు పెట్టాడు. అద్దె లారీ మాట్లాడి క్రేనుతో ఎక్కించాం. క్రేను బెల్టులు రెండు వైపులా తలుపుల కింద ఉండే సిల్లుని నొక్కేశాయి. టాపు సొట్ట తీయడం నాన్నకి చేతనైన పని. సిల్లు అలా కాదు, బండి బలమంతా అక్కడే ఉంటుంది. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, ఆ రేకు కొత్తది ఎక్కడ దొరుకుతుంది? మా షెడ్డులోనే కొత్త రేకు వంచి అతికాం. ఆ పని చేస్తున్నప్పుడే, కారుని పైకెత్తే పనే లేకుండా దాని చక్రాల మీదే ఎక్కించుకునే ట్రైలర్ ఒకటి మనమే కట్టుకుందాం అని నాన్నతో అన్నాను. "కాగితం మీద గీసి చూపించు, ఇనుం సంగతి నాను సూసుకుంటాను" అన్నాడు.

గీయడానికి ముందు కొలవాలి. మా దగ్గరికి వచ్చేవాటిలో పెద్దది అంబాసిడరే. పొడవు సుమారు 4.3 మీటర్లు, వెడల్పు 1.66, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2.46. బరువు 1,100 కిలోలు దాటుతుంది. నేను లెక్కకి 1,150 వేసుకున్నాను. చిన్నది మారుతి 800, పొడవు 3.3 మీటర్లు, బరువు 650 కిలోలు. పెద్దదానికి సరిపడేలా కట్టాలి, చిన్నదాన్ని కూడా సరైన చోట నిలబెట్టగలగాలి. అందుకని పైన పరుపు 4.6 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు అనుకున్నాను. పరుపు అంటే నిండా రేకు పరవడం కాదు. కారు చక్రాలు నడిచే చోట రెండు పట్టాలు చాలు. మధ్యలో ఖాళీ వదిలితే ఆ మేరకి బరువు తగ్గుతుంది, కారు కింద చెయ్యి పెట్టి బెల్టులు కట్టుకోడానికి వీలూ ఉంటుంది.

ట్రైలర్ చక్రాలు పరుపు కిందకి రావాలా, పక్కలకి రావాలా అన్నది ఆ తరవాతి ప్రశ్న. కిందకి పెడితే పరుపు ఎత్తు ముప్పావు మీటరు దాకా పోతుంది, కారు ఎక్కడం కష్టం, బరువు కూడా పైకి పోతుంది. పక్కలకి పెడితే పరుపు అర మీటరు ఎత్తులో నిలుస్తుంది గానీ బండి వెడల్పవుతుంది. 1.8 మీటర్లకి రెండు వైపులా టైరు, మడ్‌గార్డు, కాస్త సందు కలిపితే 2.3 వచ్చింది. మన నిబంధనల్లో బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు, కాబట్టి సరిపోయింది. దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది. కారు ఎక్కాక మడ్‌గార్డు అడ్డొచ్చి తలుపు తెరుచుకోదు, లోపల డ్రైవరుంటే దిగలేడు. మా కార్లు ఎలాగూ స్టార్టు కావు, ఖాళీగా ఎక్కాల్సినవే. నడిచే కార్ల కోసం కట్టేవాళ్ళు డ్రైవరు దిగే కుడి వైపు మడ్‌గార్డుని బోల్టులతో ఊడదీసేలా పెట్టుకోవాలి, లేదా చక్రాలు కిందే పెట్టుకోవాలి.

ఇక అసలు విషయం ఇరుసు. దీని మీద మా షెడ్డులో పెద్ద వాదనే జరిగింది. వెల్డింగు చెయ్యడానికి సాలూరు నుంచి ఒక మేస్త్రిని పిలిపించాం. సాలూరు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది గానీ లారీ అంటే ఇప్పటికీ మా అందరికీ సాలూరే. లారీ బాడీలు కట్టేవాళ్ళు, కమాను కట్టలు (బండి కింద స్ప్రింగులా పనిచేసే ఇనుప పట్టీలు) పేర్చేవాళ్ళు, పాత విడిభాగాలు అమ్మేవాళ్ళు అక్కడే ఉంటారు. మా మేస్త్రికి అరవై దాటాయి, జీవితమంతా లారీ బాడీలు, ట్రాక్టరు తొట్లు కట్టాడు. నేను తాతా అని పిలుస్తాను. డ్రాయింగు చూడగానే తాత, "ఏటమ్మా ఇది, ఇరుసు ఇంత ఎదరకెట్టీసినావు? తొట్టికి ఎనకాల గదా ఎడతారు?" అన్నాడు.

రెండు చక్రాల ట్రాక్టరు తొట్టికి ఇరుసు బాగా వెనక ఉండే మాట నిజమే. తొట్టి బరువులో కొంత ట్రాక్టరు డ్రాబారు మీద పడితే ట్రాక్టరు వెనక చక్రాలు నేలని గట్టిగా పట్టుకుంటాయి. ట్రాక్టరు దాన్ని మోయగలదు. కానీ రేపు మా ట్రైలర్‌ని లాగేది పికప్ బండి. దాని తోక మీద మూడు వందల కిలోలు పెడితే ముందు చక్రాలు తేలికైపోయి స్టీరింగు మాట వినదు. అలాగని ఇరుసుని నడిమధ్యకి తెచ్చి బరువు సరిసమానం చేస్తే అంతకంటే ప్రమాదం. హిచ్ మీద, అంటే ట్రైలర్‌ని లాగే బండికి తగిలించే చోట, భారం లేని ట్రైలర్ వేగం పెరిగేకొద్దీ ఎడమకీ కుడికీ ఊగుతుంది. ఆ ఊపు ఒక్కోసారి లాగే బండిని కూడా రోడ్డు మీద అడ్డంగా తిప్పేస్తుంది. మొత్తం బరువులో పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా హిచ్ మీద ఉండాలన్నది ఈ పని చేసేవాళ్ళలో చాలామంది పాటించే లెక్క.

తాతకి శాతాలతో చెప్తే ఎక్కలేదు. "తాతా, పైడితల్లమ్మ సిరిమానుకి ఇరుసుమాను ఎక్కడ బిగిస్తారో చూశావు కదా, ఇదీ అంతే. ఎటు ఎంత భారం ఉండాలో చూసుకునే అక్కడ బిగించాలి" అన్నాను. విజయనగరంలో పూజారిని పొడవాటి మాను కొసన కూర్చోబెట్టి ఊరేగించే ఆ సిరిమాను సంబరాన్ని ఏటా చూసే మనిషి. కాసేపు ఆలోచించి, "అయితే లెక్క నువ్వు సెప్పు, నాను అక్కడే ఎడతాను" అన్నాడు.

లెక్క ఇది. ఖాళీ ట్రైలర్ 680 కిలోలు అనుకున్నాను, అంబాసిడర్ 1,150. కలిపి 1,830. అందులో పదో వంతు అంటే 183, నేను 190 కిలోలు హిచ్ మీద ఉండాలని పెట్టుకున్నాను. ట్రైలర్‌కి పక్కపక్కనే రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. ఆ రెండు ఇరుసుల మధ్య బిందువు పరుపు ముందు అంచు నుంచి 2.75 మీటర్ల దూరంలో, అంటే పరుపులో అరవై శాతం దగ్గర పెట్టాను. పరుపు ముందు నుంచి హిచ్ దాకా ఇంకో 1.5 మీటర్లు. అంటే హిచ్ నుంచి ఇరుసుల మధ్యకి 4.25 మీటర్లు. ట్రైలర్ సొంత బరువు వల్ల హిచ్ మీద సుమారు 65 కిలోలు పడుతుంది. మిగతా 125 కారు ఇవ్వాలి. కారు బరువు కేంద్రం ఇరుసుల మధ్య బిందువుకి 46 సెంటీమీటర్లు ఎదర ఉంటే సరిగ్గా అంత వస్తుంది.

ఈ లెక్కలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది వేరే ఉంది. కారు ఒక్క జానెడు వెనక్కి జరిగితే హిచ్ మీద 60 కిలోలు తగ్గిపోతుంది. 190 కాస్తా 130 అవుతుంది, పదిశాతం పోయి ఏడు శాతం మిగులుతుంది. కంటికి జానెడు తేడా ఏమీ కనిపించదు. ట్రైలర్ ఎంత బలంగా కట్టినా కారుని ఎక్కడ ఆపామన్నదే రోడ్డు మీద దాని నడకని తేలుస్తుంది. అందుకే పట్టాల మీద ముందు చక్రానికి తగిలే అడ్డుకర్ర స్థిరంగా అతికెయ్యలేదు. పట్టా పొడవునా రంధ్రాలు వేసి, పిన్నుతో జరుపుకునేలా పెట్టాం. ఒక్కో రకం కారుకి ఏ రంధ్రమో పట్టా మీదే పెయింటుతో రాసేశాను. టాటా నానో అయితే ఇంజను వెనక ఉంటుంది కాబట్టి దాన్ని తోక ముందుకి పెట్టి ఎక్కించాలి. అది కూడా రాశాను, నేను షెడ్డులో లేనప్పుడు ఎవరైనా ఎక్కించొచ్చు కదా.

ఇంకా అనుమానం మిగిలిన తమ్ముడి కోసం చిన్న నమూనా చేశాను. ఫ్లాట్ పట్టీ, పాత బేరింగులు రెండు చక్రాలుగా, పైన బోల్టుల సంచీ. సైకిలు సీటు కింద కట్టి బడి మైదానంలో తొక్కమన్నాను. సంచీ ముందుకి ఉన్నప్పుడు బుద్ధిగా వెనకాలే వచ్చింది. వెనక్కి జరిపితే సైకిలు వేగం అందుకోగానే నమూనా పాములా మెలికలు తిరిగి, చివరికి పల్టీ కొట్టింది. ఆ తరవాత ఇరుసు చోటు గురించి మా ఇంట్లో ఎవరూ ప్రశ్న వెయ్యలేదు.

ఇనుము దగ్గర నాన్నతో ఇంకో చర్చ. ఆయనకి లావు ఇనుము మీద నమ్మకం. "ఆరంగుళాల ఛానలెట్టీమ్మా, పీడా పోద్ది" అన్నాడు. ట్రైలర్ బరువు పెరిగితే లాగే బండికీ, టైర్లకీ, బ్రేకులకీ అన్నిటికీ భారమే. ఛానల్ అంటే ఒక పక్క తెరిచి ఉండే ఇనుప కమ్మీ. నేను వంద మిల్లీమీటర్లది చాలన్నాను, లెక్క వేసి చూపించాను. హిచ్ మీద 190 కిలోలు ఉంది. గుంతలో పడ్డప్పుడు దానికి మూడింతల దెబ్బ తగులుతుందనుకుంటే 570. హిచ్ నుంచి పరుపు మొదటి అడ్డబద్ద దాకా మీటరున్నర. ఆ వంపు బలాన్ని రెండు ఛానళ్ళు పంచుకుంటే ఒక్కోదాని మీద చదరపు మిల్లీమీటరుకి 112 న్యూటన్ల ఒత్తిడి వస్తుంది. మామూలు మైల్డ్ స్టీలు 250 దగ్గర వంగడం మొదలుపెడుతుంది. రెండింతలకి పైగా మిగులు ఉంది. నాన్న లెక్కని రెండోసారి తనే వేసుకుని చూశాడు, ఒప్పుకున్నాడు. విశాఖ ఉక్కు ఛానల్ తీసుకొచ్చాం. వంద ఛానల్ మీటరు తొమ్మిదిన్నర కిలోలు తూగుతుంది. అడ్డబద్దలకి డెబ్భై ఐదు ఛానల్, పట్టాలకి నాలుగు మిల్లీమీటర్ల గళ్ళ ప్లేటు. ఇనుము కిలోల లెక్కన కొంటాం కదా, ఆ రసీదులన్నీ దాచి కూడితే ట్రైలర్ బరువు కాగితం మీదే తేలిపోయింది.

చదరపు ట్యూబు ఎందుకు వాడలేదని కొందరు అడిగారు. మెలి తిరగకుండా ఉండడంలో ట్యూబుకి ఛానల్ సాటి రాదు, నిజమే. కానీ ట్యూబు లోపల ఏం జరుగుతోందో కనిపించదు. మా జిల్లా ఉప్పుగాలిలో, వానల్లో లోపల తడి చేరితే పైన రంగు మెరుస్తూ ఉండగానే లోపల్నుంచి తినేస్తుంది. ఛానల్ అయితే నోరు తెరిచి ఉంటుంది, బ్రష్షు పోతుంది, కన్ను పోతుంది. మెలికకి మూలల్లో ఐమూలగా బద్దలు వేశాం. నీళ్ళు నిలిచే ప్రతి చోటా రంధ్రం పెట్టాం. గ్రైండరుతో తుప్పు గీకి, రెండు పూతలు రెడ్ ఆక్సైడు వేసి, ఆ పైన రంగు.

వెల్డింగు దగ్గర మాత్రం నేను తాత పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ముందు ఫ్రేమంతా టాకాలతో నిలబెట్టి, మూల నుంచి మూలకి టేపు పట్టి చూశాడు. రెండు ఐమూలలూ సమానం వచ్చేదాకా సుత్తితో కదుపుతూ ఉన్నాడు. తరవాత ఒక వైపే ఏకబిగిన అతుక్కుంటూ పోలేదు. ఇక్కడ రెండంగుళాలు, అవతలి మూల రెండంగుళాలు, మళ్ళీ ఇటు. ఒకే చోట వేడి పోగైతే ఛానల్ విల్లులా వంగుతుందని నాకు చదువులో తెలుసు. అది ఎంత వంగుతుందో, ఎటు వంగుతుందో చేతికి తెలియడం వేరు. డ్రాబారు, అంటే పరుపు నుంచి హిచ్ దాకా ముందుకి వెళ్ళే ఛానల్, దాని మీద పరుపు కూర్చునే చోటకి వచ్చేసరికి తాత రాడ్డు కింద పెట్టి నన్ను దగ్గరికి రమ్మన్నాడు. ఛానల్ కింది అంచు మీద వేలు పెట్టి అడ్డంగా గీసి, "ఇక్కడ ఇలాగ అడ్డంగా అతుకెట్టీవంటే, ఏడాది తిరిగేసరికి ఆ అతుకు పక్కనే గీత లేస్తాది. సూడ్డానికి ఎంటిక లాగుంటాది. ఆ తరవాత సగానికి ఇరిగిపోద్ది. లారీ సాసీలు ఎన్ని సూసినానో" అన్నాడు. బరువు మోసేటప్పుడు సాగేది, కుదించుకునేది పైఅంచూ కిందంచూ. వాటి మీద అడ్డంగా వేసిన అతుకు ఆ సాగుడు అంతటినీ ఒక్క గీత దగ్గరికి తెస్తుంది. అందుకని అతుకులన్నీ ఛానల్ నిలువు గోడ మీద, పొడవు వెంటే వేశాడు. మధ్యలో పెట్టిన ప్లేటు చివర్లని చతురస్రంగా వదలకుండా చేప తోకలా కత్తిరించాడు, బలం ఒక్కసారిగా ఆగకుండా మెల్లగా పాకడానికి.

డ్రాబారుకి మామూలు రాడ్లు కాకుండా 7018 రకం తెచ్చాం. అవి తేమ పీలిస్తే అతుకులో హైడ్రోజన్ చేరి లోలోపల పగుళ్ళు వస్తాయి. పెట్టె తెరిచిన వెంటనే వాడటం, లేదంటే వేడి పెట్టెలో ఉంచి వాడటం తప్ప దారి లేదు. శ్రావణమాసంలో పని కావడంతో తాత ప్రతి రాడ్డూ వేడి పెట్టెలోంచి తీసి పట్టుకున్నాడు.

ఇరుసులు, హబ్బులు, కమాను కట్టలు సాలూరులోనే సమకూరాయి. లేతు మీద మొనలు కొట్టించి, టేపర్ బేరింగులు ఎక్కించాం. నట్టుని చక్రం తిప్పుతూ బిగించి, మళ్ళీ కొంచెం వదులు చేసి స్ప్లిట్ పిన్ను పెట్టాలి. బిగువుగా వదిలేస్తే బేరింగు కాలిపోతుంది. రెండు ఇరుసుల కమాన్ల మధ్య ఈక్వలైజర్ పెట్టాం. ఒక చక్రం గట్టు ఎక్కితే ఆ భారం రెండో చక్రానికి పంచుతుంది. టైర్ల లెక్క సులువు. 1,830 లోంచి హిచ్ మీది 190 తీస్తే 1,640, నాలుగు చక్రాలకి పంచితే 410. టైరు పక్కన రాసి ఉండే లోడు నంబరు 82 అయితే 475 కిలోలు, 88 అయితే 560. మేం 88 తీసుకున్నాం. మారుతి 800 పాత టైర్లు షెడ్డు నిండా ఉన్నాయి గానీ వాటి మీద 69 అని ఉంటుంది, అంటే 325 కిలోలే. ఎంత చవగ్గా దొరికినా అవి దీనికి పనికిరావు.

బ్రేకు గురించి తొందరపడకూడదు. కారుతో కలిసి దాదాపు రెండు టన్నుల బండి వెనకనుంచి తోస్తుంటే, ముందు బండి బ్రేకులే దాన్ని ఆపాలంటే కుదరదు. హ్యాండ్‌బ్రేకు తీగ ఉండే కారు వెనక డ్రమ్ములు తీసుకుని ముందు ఇరుసుకి బిగించాం. హిచ్ దగ్గర ఒకదానిలో ఒకటి జరిగే రెండు గొట్టాలు ఉంటాయి. లాగే బండి వేగం తగ్గించగానే ట్రైలర్ ముందుకి తోసుకొస్తుంది, లోపలి గొట్టం జరుగుతుంది, ఆ జరుగుడు మీటని తిప్పి తీగని లాగుతుంది, డ్రమ్ముల్లో షూలు పట్టుకుంటాయి. ముందు బండి ఎంత గట్టిగా ఆగితే ఇది అంత గట్టిగా పట్టుకుంటుంది. రివర్స్‌లో కూడా అలాగే పట్టేస్తుంది కాబట్టి వెనక్కి పోవాల్సినప్పుడు అడ్డు పిన్ను వెయ్యాలి. హిచ్ ఊడినా ట్రైలర్ విడిపోకుండా రెండు గొలుసులు, డ్రాబారు కింద ఒకదాన్నొకటి దాటేలా కట్టాం. అలా కడితే మూతి నేలకి గుచ్చుకోకుండా గొలుసుల మీద ఆగుతుంది.

కారు ఎక్కే పలకల దగ్గర నాకు బాగా ఇష్టమైన చిన్న లెక్క ఉంది. అంబాసిడర్ పొట్టకీ నేలకీ మధ్య సుమారు 16 సెంటీమీటర్లే. చక్రాల మధ్య దూరం 2.46 మీటర్లు. ఈ రెండిటినీ బట్టి అది దాటగలిగే విరుపు 14 డిగ్రీల పైచిలుకు. అర మీటరు ఎత్తుకి 1.8 మీటర్ల పలకలు వేస్తే వాలు 16 డిగ్రీలు, పొట్ట తగులుతుంది. 2.4 మీటర్ల పలకలైతే 12 డిగ్రీలు, దాటుతుంది. కానీ పాత కార్ల కమాన్లు కుంగి ఉంటాయి, ఆ పదహారు సెంటీమీటర్లూ ఉండవు. అప్పుడు ముందు జాకీతో ట్రైలర్ మూతిని ఒక అడుగు పైకెత్తుతాం. పరుపంతా నాలుగు డిగ్రీలు వెనక్కి వాలుతుంది, తోక కిందకి దిగుతుంది. పలకల వాలుకీ పరుపు వాలుకీ తేడా ఐదు డిగ్రీలకి పడిపోతుంది. ఎంత కుంగిన కారైనా రాసుకోకుండా ఎక్కుతుంది. ఎక్కించే ముందు పరుపు తోక కింద దిమ్మలు పెట్టడం మాత్రం మరవకూడదు. కారు ముందు చక్రాలు తోక మీదకి రాగానే ట్రైలర్ మూతి అమాంతం పైకి లేస్తుంది, లాగే బండి వెనక భాగాన్ని కూడా లేపేస్తుంది.

కారుని పైకి లాగడానికి ట్రైలర్ ముందు భాగాన చేతి వించి, అంటే చేత్తో తిప్పితే తీగని చుట్టుకునే సాధనం, బిగించాం. తీగకి ఎదురుగా ఎవరూ నిలబడకూడదన్నది షెడ్డులో నియమం. ఎక్కాక కారుని చాసిస్‌కి కాకుండా నాలుగు చక్రాలకీ బెల్టులు వేసి కడతాం. చాసిస్‌కి కడితే గుంతల్లో కారు తన కమాన్ల మీద తను ఊగుతూ బెల్టుల్ని వదులు చేసుకుంటుంది. చక్రాన్నే పట్టాకి బిగిస్తే పైన కారు ఊగినా కట్టు కదలదు.

మొదటిసారి అంబాసిడర్ ఎక్కించాక అందరికంటే నేనే ఎక్కువ ఆత్రపడ్డాను. హిచ్ మీద నిజంగా ఎంతుందో చూడాలి. ఇంట్లో ఉన్న మనుషుల బరువు చూసే మిషను 150 కిలోల దాకానే చూపిస్తుంది. అందుకని ఒక పలక తీసుకుని ఒక కొన ఇటుక మీద, ఇంకో కొన మిషను మీద పెట్టాను. ట్రైలర్ మూతి జాకీని పలక మీద, ఇటుక వైపు నుంచి మూడో వంతు దూరంలో దించాం. అలా చేస్తే మిషను మీద మూడో వంతే పడుతుంది. ముందుగా పలక బరువు తీసేసి సున్నా పెట్టాను. జాకీ దిగుతుంటే ముల్లు కదిలింది. తాత మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళజోడు సర్దుకున్నాడు. 61 దగ్గర ఆగింది. మూడింతలు చేస్తే 183. కారుని రెండు అంగుళాలు ముందుకి లాగి, అడ్డుకర్ర ఒక రంధ్రం ముందుకి మార్చి మళ్ళీ చూస్తే 65 దాకా వచ్చింది. "సరిపోనాది" అన్నాడు తాత. నాన్న ఏమీ అనలేదు. ఆ రంధ్రం పక్కన అంబాసిడర్ అని రాయడానికి పెయింటు డబ్బా తెచ్చి ఇచ్చాడు.

ఇది చదివి మీరూ కట్టాలనుకుంటే ఒక మాట గట్టిగా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ అంటే లాగే బండికి అనుబంధం కాదు, అదే వేరే బండి. రోడ్డెక్కాలంటే దానికి సొంత రిజిస్ట్రేషను, సొంత నంబరు ఉండాలి. ఇంట్లో కట్టినదానికి డిజైను ఆమోదం, తనిఖీ అన్నీ కావాలి. కాబట్టి ఇనుము కొనే ముందే రవాణా శాఖ కార్యాలయానికి డ్రాయింగుతో వెళ్ళి మాట్లాడండి. మేం ప్రతి అతుకునీ ఫొటో తీసి, ప్రతి లెక్కనీ కాగితం మీద పెట్టి ఫైలు తయారుచేశాం. అది తేలేదాకా మా ట్రైలర్ తోటకీ షెడ్డుకీ మధ్య, మా సొంత స్థలంలోనే, ట్రాక్టరు వెనక మెల్లగా నడుస్తోంది. దూరం నుంచి తేవాల్సిన కార్లకి అద్దె లారీయే, కాకపోతే ఇప్పుడు క్రేను బెల్టులు సిల్లుకి తగలకుండా చక్రాలకి వేయించుకుంటున్నాం.

లైట్ల వైర్లు కూడా లాగేశాం. ఎర్తుకి హిచ్‌ని నమ్ముకోకుండా వేరే వైరు వేశాను, గ్రీజు పూసిన ఇనుము మీంచి కరెంటు సరిగ్గా రాదు, ఇండికేటరు వేస్తే బ్రేకు లైటు మిణుకుమంటుంది.

స్టెప్నీ ఎక్కడ బిగించాలో ఇంకా తేల్చుకోవాలి. నాన్న డ్రాబారు మీద పెట్టమంటున్నాడు, చేతికి అందుతుందని. అక్కడ పెడితే ఇరవై కిలోల చక్రం హిచ్ మీద పదహారు కిలోల పైన కలుపుతుంది. అప్పుడు ప్రతి కారుకీ అడ్డుకర్ర చోటు మళ్ళీ చూసుకోవాలి. ఇరుసుల మధ్య, పరుపు కింద పెడితే ఏ లెక్కా మారదు గానీ వానలో బురదలో పడుకుని తియ్యాలి. నాకు పరుపు కిందే సరి అనిపిస్తోంది. రేపు తాత వస్తే బ్రాకెట్టు టాకా వేసి, చక్రం బయటికి జారేలా రెండు కడ్డీలు పెట్టించి చూస్తాను.